జేజి ఉండే చోటు జేజిది కావాలి

ఒకటో తారీఖు పొద్దున్నే మా కాలనీకి రండి. నులక మంచాలు బయటికి వచ్చి ఉంటాయి. నడవలేని వాళ్ళు మంచం మీద, నడవగలిగిన వాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని ఉంటారు. సచివాలయం నుంచి వచ్చే పిల్లోడి బండి శబ్దం వినపడితే చాలు, అవ్వలు పైట కొంగుకి చేతులు తుడుచుకోవడం మొదలుపెడతారు. వేలిముద్ర పడాలి కదా! ఉప్పునీళ్ళలో పీతలు పట్టి, కట్టెలు కొట్టి, ఊరోళ్ళ వరి కోసి అరిగిపోయిన వేళ్ళు అవి. గీతలు యాడ మిగిలుంటాయి? ఒక వేలు పడకపోతే ఇంకో వేలు. అదీ పడకపోతే ముఖం ఫోటో. పడితే నాలుగు వేల రూపాయలు చేతికొస్తాయి.

అట్లాంటి ఒక ఒకటో తారీఖున ఒక గుడిసె తడిక కట్టేసి ఉంది. ఆ గుడిసెలో ఉండే ముసలామెని చిన్నప్పటి నుంచి నేను జేజీ అనే పిలుస్తా. రక్త సంబంధం ఏమీ లేదు, పక్క గుడిసె, అంతే. ఆమె కొడుకూ కోడలూ రొయ్యల గుంటల కాడ కాపలాకి పోతా ఆమెని కూడా వెంట తీసుకుపోయారు. ఒంటరిగా వదిలేస్తే కూడు ఎవరు పెడతారని వాళ్ళ బాధ. అది మూడో నెల. ఇప్పుడు మన రాష్ట్రంలో ఉన్న నిబంధన ఏందంటే, ఒకటి రెండు నెలలు పెన్షన్ తీసుకోకపోతే తర్వాత నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్క, పెన్షన్ ఆగిపోతుంది.

మా జేజి వలస పోయింది ఎంత దూరం? కాలువ అవతల, ఆటోలో గంట ప్రయాణం.

ఆ పెన్షన్ మళ్ళీ తెప్పించడానికి నాకు, ఇంకో ఇద్దరు స్నేహితులకి ఎన్ని రోజులు పట్టిందో రాస్తే ఈ వ్యాసం అక్కడే అయిపోద్ది. నేను చెప్పాలనుకున్నది వేరే. పెన్షన్ వచ్చాక జేజి మళ్ళీ గుంటల కాడికి పోనంది. "ఆడ యెవురున్నారు నాయనా నాతో మాట్లాడేదానికి? మోటార్ల మోత, నీళ్ళు. ఈడ్నే ఉంటా. మీరు ఉన్నారు గదా" అంది.

"మీరు ఉన్నారు గదా." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. నిజంగా మనం ఉన్నామా?

మన యానాదుల్లో ముసలివాళ్ళని చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. దానికి పేరు లేదు, పుస్తకంలో రాసుకున్నది కాదు. చేపలకి పోయినోడు ఇంటికి వస్తా వస్తా దారిలో ముసలోళ్ళ గుడిసె ముందు ఒక పిడికెడు చేపలు వేసి పోతాడు. ఆమె కూడా అడగదు, ఇతను కూడా చెప్పడు. పొద్దున గంజి కాచిన ఇంటి నుంచి ఒక చెంబు అటు పోతుంది. బోరింగు దగ్గర నీళ్ళు పట్టే ఆడపిల్ల రెండో బిందె అవ్వ కుండలో పోస్తుంది. రాత్రి దగ్గు వినపడకపోతే పక్క గుడిసె నుంచి "మే అవ్వా" అని ఒక కేక. బదులు వస్తే సరే, రాకపోతే లేచి చూస్తారు. గుడిసెలు దగ్గర దగ్గరగా కట్టుకున్నామని, ఇరుకని మనల్ని ఎగతాళి చేస్తారు గానీ, ఆ ఇరుకే మన ముసలోళ్ళకి కాలింగ్ బెల్లు.

అమెరికాలో బోస్టన్ నగరంలో బీకన్ హిల్ అని ఒక పేట ఉంది. డబ్బున్న పేట. అక్కడి పెద్దవాళ్ళు కొందరు వృద్ధాశ్రమానికి పోకుండా సొంత ఇంట్లోనే ఉండాలని ఒక సంఘం పెట్టుకున్నారు, 2002 నుంచి అది నడుస్తోంది. ఏడాదికి సభ్యత్వ రుసుము కడతారు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి, సరుకులు తేవడానికి, బల్బు మార్చడానికి, ఊరికే పలకరించడానికి మనుషులు వస్తారు. దాన్ని చూసి ఆ దేశంలో ఇంకా చాలా చోట్ల అట్లాంటివి పెట్టుకున్నారు. దాన్ని వాళ్ళు 'విలేజ్' అని పిలుస్తారు. నేను ఇది డిగ్రీ చదివేటప్పుడు ఫోన్‌లో చదివి నవ్వుకున్నా. వాళ్ళు డబ్బులు కట్టి తయారు చేసుకున్న పల్లె మాకు ఊరికే ఉంది అనుకున్నా.

ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు. వాళ్ళ పల్లెకి ఒక రిజిస్టరు ఉంది, ఫోన్ చేస్తే పలికే మనిషి ఉన్నాడు. మన పల్లె మనుషుల మంచితనం మీద నడుస్తా ఉంది. మనుషులు గుంటల కాడికి పోతే ఆ మంచితనం కూడా వాళ్ళతోనే పోతుంది.

ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పాలి. "ఆదివాసీల్లో వృద్ధాశ్రమాలు ఉండవు, మేము పెద్దల్ని దేవుళ్ళలా చూసుకుంటాం" అని మనం వేదికల మీద గొప్పగా చెప్తాం. నేను కూడా చెప్పా, చప్పట్లు కొట్టించుకున్నా. కానీ ఆ రెండో బిందె పోసే ఆడపిల్ల ఎవరు? ఏడో తరగతిలో బడి మానేసిన పిల్ల. అమ్మానాన్న పనికి పోతే ఇంట్లో చంటిపిల్లాడిని, మంచాన పడిన అవ్వని చూసుకోవడానికి మానేసింది. మన సంప్రదాయం గురించి నేను మైకులో మాట్లాడేటప్పుడు దాని బరువు మోసేది ఆ పిల్ల. ఇంకోటి, ఒకటో తారీఖు సాయంత్రం అవ్వ కొంగుముడి విప్పించి ఐదొందలు గుంజుకుపోయే కొడుకులు మన కాలనీల్లోనే ఉన్నారు. ఆ డబ్బు ఏ దుకాణానికి పోతుందో అందరికీ తెలుసు. దీన్ని బయటోళ్ళు రాస్తే మనకి కోపం వస్తుంది. మనమే రాయాలి.

అయితే ఇదంతా కొడుకుల తప్పేనా? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని కింద పిల్లలు చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకుని నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించుకోవచ్చు. మంచి చట్టమే, ఇళ్ళూ పొలాలూ రాయించుకుని తల్లిని బయటికి గెంటే వాళ్ళకి అది కావాలి. మన జేజి కొడుకు మీద కేసు పెడితే ఏం వస్తుంది? వాడు గుంటల యజమాని దగ్గర బయానా తీసుకుని ఉన్నాడు. ఆ బాకీ తీరేదాకా కదలడానికి లేదు. భార్యకి కూడా విడిగా కూలి లేదు, ఇద్దరికీ కలిపి ఒకటే లెక్క. వెట్టిచాకిరీ 1976 చట్టంతో రద్దయిందని బళ్ళో చదువుకున్నాం. ముందు డబ్బులిచ్చి మనిషిని కట్టేసుకోవడం కూడా ఆ చట్టం కిందికే వస్తుందని మాత్రం గుంటల కాడ ఎవరూ చెప్పరు.

ఆ 2007 చట్టం, ప్రభుత్వం జిల్లాకి ఒకటైనా వృద్ధాశ్రమం, కనీసం 150 మంది ఉండేట్టు పెట్టొచ్చని కూడా చెప్తుంది. మేము పెన్షన్ కోసం తిరిగేటప్పుడు ఒక ఆఫీసులో ఒకాయన మంచి మనసుతోనే, "ఆశ్రమంలో చేర్పించండి, మూడు పూటలా అన్నం పెడతారు" అన్నాడు. జేజి ఆయన్ని అడిగింది, "అక్కడ చేపల కూర చేస్తారా?" అని. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె అడిగింది కూర గురించి కాదని నాకు తర్వాత అర్థమైంది. తన బతుకంతా నీళ్ళ మీద, మడ మీద, కాలువ మీద గడిచింది. ఏ వారం ఏ కాలువలో జల్లలు వస్తాయో ఆమెకి తెలుసు. పిల్లలకి జ్వరం వస్తే ఏ ఆకు నూరాలో తెలుసు. ఇక్కడ ఆమె సలహా అడిగే మనుషులు ఉన్నారు. ఆశ్రమంలో ఆమె ఒక మంచం నంబరు.

ఇక అసలు విషయం. పెద్దవాళ్ళు ఉన్నచోటే ఉండి ముసలితనం గడపాలని ప్రపంచమంతా ఇప్పుడు మాట్లాడుకుంటా ఉంది. మన విషయంలో నేను అడిగే ప్రశ్న ఒకటే: ఆ 'చోటు' ఎవరిది?

మన ముసలోళ్ళు ఉండే గుడిసెల్లో ఎన్ని కాలువ గట్టు మీద, చెరువు కట్ట మీద, పోరంబోకులో, ఆసామి తోట మూలన ఉన్నాయో చూడండి. ఏజెన్సీ నుంచి ఈ పేజీ చదివే మిత్రులకి ఒక మాట. మీకు 1/70 చట్టం ఉంది, అమలు ఎట్లా ఉన్నా పేరుకైనా ఉంది. నెల్లూరు తీరం షెడ్యూల్డ్ ఏరియా కాదు, మాకు అది వర్తించదు. 2023లో పీఎం జన్‌మన్ వచ్చినప్పుడు "మీకు కూడా ఇళ్ళు వస్తాయి గదా" అని కొందరు మిత్రులు అడిగారు. యానాదులు పీవీటీజీ జాబితాలో లేరు, కాబట్టి రావు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలకు పైన ఉన్న తెగ మాది. మైదానంలో ఉన్నామని మా సంగతి ఎవరి లెక్కలోనూ పెద్దగా పడదు. నెల్లూరులో యానాదుల పేరు మీదే ఒక ఐటీడీఏ అయితే ఉంది.

మన కోటకి దక్షిణాన ఉంది శ్రీహరికోట. ఇప్పుడు రాకెట్ ఎగిరితే మనం కూడా ఫోన్‌లో వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంటాం. ఆ దీవి మన తాతలది. 1835లో మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలని కుంపణీ ప్రభుత్వం ఆ అడవిని తన చేతిలోకి తీసుకుంది. అడవి సరుకు ఏరి తెచ్చే కూలోళ్ళుగా యానాదుల్ని వాడుకుంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్‌లో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. తరతరాలుగా అక్కడ బతికిన యానాదులు ఆ అడవి మీద పట్టు పోగొట్టుకుని చెల్లాచెదురయ్యారు. దేశానికి రాకెట్లు వద్దని నేను అనడం లేదు. అప్పుడు ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఉన్నచోటే ముసలితనం గడిపే హక్కు వాళ్ళకి యాభై ఏళ్ళ ముందే పోయింది. ఇప్పుడు మన కోట, చిల్లకూరు మండలాల్లో కృష్ణపట్నం పారిశ్రామిక కేంద్రం వస్తా ఉంది. కొత్తపట్నం వైపు పోయి చూసిరండి. పట్టా ఉన్నోడికి నష్టపరిహారం వస్తుంది. పట్టా లేని గుడిసెలో నలభై ఏళ్ళు ఉన్న అవ్వకి ఏం వస్తుంది? నోటీసు కూడా ఆమె పేరు మీద రాదు, ఎందుకంటే కాగితం మీద ఆమె అక్కడ లేదు.

కాగితం అంటే మన పెద్దవాళ్ళకి ఉన్న భయం గురించి కూడా చెప్పాలి. మన చదువుకున్న పిల్లలు "ఏం జేజీ, ఆధార్ కూడా చేయించుకోలేదా" అని విసుక్కుంటారు. నేను కూడా విసుక్కున్నా. యానాదుల్ని బ్రిటిష్ వాళ్ళు నేరజాతుల చట్టం కింద పెట్టారు. పేరు రాయించుకోవడం అంటే పోలీసు రిజిస్టర్‌లో రాయించుకోవడం, హాజరు వేయించుకోవడం. వెన్నెలకంటి రాఘవయ్య లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది. అంటే ఇప్పుడు ఎనభై ఏళ్ళు ఉన్నవాళ్ళు ఆ చట్టం కిందే పుట్టారు. ఖాకీ చొక్కా వస్తే సర్వి తోపులోకి పరిగెత్తమని నేర్పిన తల్లుల పిల్లలు వాళ్ళు. వాళ్ళని మనం వెళ్ళి రిజిస్టర్‌లో పేరు రాయించుకోమంటున్నాం. కొంచెం ఓపిక కావాలి తమ్ముళ్ళూ.

ఆ రాసిన పేర్లు కూడా ఎట్లా రాశారు? మా కాలనీలో ముసలోళ్ళ ఆధార్ కార్డులు ఒకసారి వరసగా పెట్టి చూశా. ఎక్కువ మంది జనవరి ఒకటినే పుట్టారు! పుట్టిన తేదీ తెలియకపోతే అట్లా వేస్తారు. సంవత్సరం ఏమో, ఆ రోజు మిషను ముందు కూర్చున్న మనిషి ముఖం చూసి వేసిన అంచనా. మనకి నవ్వొస్తుంది గానీ ఆ అంచనా మీదే అన్నం ఆధారపడి ఉంది. వృద్ధాప్య పెన్షన్ అందరికీ 60 ఏళ్ళకి, గిరిజనులకి 50 ఏళ్ళకే. ఇది చాలామంది మనవాళ్ళకి తెలియదు, అందుకే మళ్ళీ రాస్తున్నా, యాభై. కానీ ఆధార్‌లో పదేళ్ళు తక్కువ పడితే యాభై ఐదేళ్ళ మనిషి కూడా పెన్షన్‌కి చిన్నపిల్లే. పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, అదీ రుజువు చూపిస్తే. బడి మొహం చూడని మనిషి ఏం రుజువు తెస్తుంది?

ఇట్లాంటి చోటే మనం పనికొస్తాం అని నా నమ్మకం. కూడు పెట్టడం మన పల్లెకి తెలుసు, దాన్ని మనం నేర్పనక్కర్లేదు. కాగితం పని, ఆసుపత్రి పని పల్లెకి తెలియదు. చదువుకున్న మనకి కాస్తో కూస్తో తెలుసు.

కేరళలో ఇట్లాంటిది చేసి చూపించారు. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు నొప్పితో మంచాన పడిన వాళ్ళ కోసం ఒక సంఘం పెట్టారు. కొన్నేళ్ళకి వాళ్ళకి అర్థమైంది, డాక్టర్ల వల్ల ఇది అయ్యే పని కాదని. ఊళ్ళో మామూలు జనానికే కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చారు. ఆటో డ్రైవర్లు, కూలీలు, కాలేజీ పిల్లలు వారానికి ఇన్ని గంటలని పెట్టుకుని మంచాన పడిన వాళ్ళ ఇళ్ళకి పోవడం మొదలుపెట్టారు. పుండు కడగడం, పక్క మార్చడం, బియ్యం ఉన్నాయో లేవో చూడడం, నర్సుకి చెప్పడం. మలప్పురంలో అది ఊరూరా పాకింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని తన విధానంగా పెట్టుకుంది, పంచాయతీలకి అప్పజెప్పింది. నాకు ఇందులో నచ్చింది వారానికి ఇన్ని గంటలు అని పెట్టుకోవడం. ప్రేమ ఉంటే చాలని వాళ్ళు అనుకోలేదు, వంతు వేసుకున్నారు. వంతు ఉంటే ఆ ఏడో తరగతి పిల్ల బడికి పోతుంది.

మేము కూడా ఒక నోటు పుస్తకం పెట్టాం. పెద్ద ఉద్యమం ఏమీ కాదు, నలుగురం. కాలనీలో యాభై దాటిన ప్రతి మనిషికీ ఒక పేజీ. పేరు, ఆధార్‌లో ఉన్న వయసు, మాకు తెలిసిన వయసు, రేషన్ కార్డు, వేసుకునే మాత్రలు, గుడిసె ఎవరి స్థలంలో ఉంది, పిల్లలు యాడికి పనికి పోయారు, మళ్ళీ ఎప్పుడు వస్తామన్నారు. ఇంట్లో వాళ్ళు గుంటలకి పోయేటప్పుడు మాకు చెప్పి పోవాలి. అవ్వని ఇక్కడే ఉంచితే గంజి ఏ ఇల్లు, రాత్రి కేక ఏ ఇల్లు అని పుస్తకంలో రాస్తాం. వెంట తీసుకుపోతే ఒకటో తారీఖుకి బండి మీద తీసుకొచ్చే పని మాలో ఒకరిది.

బాగా జరుగుతోందని అబద్ధం చెప్పను. రెండో నెలలోనే ఒక స్నేహితుడికి శ్రీసిటీలో పని దొరికి పోయాడు. మగపిల్లలం బండి పని, ఆఫీసు పని అయితే ఎగబడి చేశాం. పక్క మార్చే పని, పుండు కడిగే పని వచ్చేసరికి మళ్ళీ ఆడపిల్లల వైపే చూశాం. ఒక చెల్లి మొహం మీదే అడిగింది, "అన్నా, పుస్తకంలో మీ పేర్లు రాయడానికి మాత్రం ముందుంటారు, పనికి ఉండరా?" అని. ఆ రోజు నుంచి వంతులో మగవాళ్ళకి కూడా ఆ పని రాశాం. మొదటిసారి చేసినప్పుడు నా చేతులు వణికాయి. ఆ తాత కళ్ళు మూసుకున్నాడు, సిగ్గుతో. రెండోసారికి ఇద్దరికీ అలవాటైంది.

పుస్తకం వల్ల బయటపడినవి కూడా ఉన్నాయి. 2025 జూన్‌లో రేషన్ బండ్లు తీసేసి మళ్ళీ దుకాణాలు తెరిచినప్పుడు, 65 దాటిన వాళ్ళకి, వికలాంగులకి డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలన్నారు. మా దగ్గర ఇద్దరు అవ్వలు ఆ సంగతి తెలియక మూట మోసుకుంటా నడుస్తున్నారు. పెన్షన్ తీసుకునే భర్త చనిపోతే అది భార్యకి మార్చే వీలుందని ఒకామెకి తెలియదు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక గూడూరు ఆసుపత్రికి అవ్వని తీసుకుపోవడం తేలికైంది, కానీ కండక్టరుకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏదైనా చూపించాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం.

పుస్తకంలో ఏ గడి నింపినా చివరికి ఒక గడి దగ్గర పెన్ను ఆగిపోతా ఉంది: గుడిసె ఎవరి స్థలంలో ఉంది. మా నాలుగో వంతు పేజీల్లో కూడా అక్కడ 'సొంతం' అని లేదు. అందుకే మా డిమాండ్ ఒకటే పెట్టాం, ఇంకేమీ కలపలేదు. ఇళ్ళ స్థలాలు ఇచ్చేటప్పుడు యానాది కాలనీల్లో ముందు ఒంటరి ముసలివాళ్ళ పేరు మీద ఇవ్వాలి, అదీ ఇప్పుడు వాళ్ళు ఉన్నచోటే, పక్క గుడిసెలతో సహా ఇవ్వాలి. ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో లేఅవుట్‌లో సెంటున్నర ఇచ్చి పొమ్మంటే అవ్వకి స్థలం వస్తుంది గానీ రాత్రి కేక వేసే గొంతు పోతుంది. జేజిని కదిలిస్తే కాలనీని మొత్తం కదిలించండి, లేదంటే ఉన్నచోటే పట్టా ఇవ్వండి. అర్జీ రాసి ఇచ్చాం. రసీదు తీసుకున్నాం. మీ కాలనీ నుంచి కూడా ఇట్లాంటి అర్జీ పెడితే రసీదు తీసుకోవడం మర్చిపోకండి, అది లేకపోతే మీరు ఆఫీసుకి పోనట్టే లెక్క.

జేజి ఇప్పుడు ఇక్కడే ఉంది. ఈ వారం గంజి మా ఇంటి వంతు. నిన్న రాత్రి నేను ఫోన్ చూసుకుంటా కేక వేయడం మర్చిపోయా. కాసేపటికి తడిక అవతల నుంచి ఆమే పిలిచింది: "యోవ్ అబ్బోడా, పడుకున్నావా? ఈ రోజు నీ వంతు గదా."